పుట్టింటి పేరు తెలియని ముత్తవ్వ: అయోవా పయనీర్ మహిళ వంశాన్ని ఎలా వెతకాలి

నమస్తే అమ్మా. తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి, ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెబుతాను. మీ భర్త వాళ్ళది అయోవా. మీ అత్తగారి తాతగారు 1872లో అక్కడే పుట్టారు. ఆయన తల్లి, అంటే మీ అత్తగారికి ముత్తవ్వ, 1850ల్లో భర్తతో, చంటిబిడ్డతో ఒహాయో నుంచి బండి కట్టుకుని వచ్చింది. ఇలా కొత్త ప్రాంతానికి వచ్చి మొదట స్థిరపడ్డవాళ్ళనే పయనీర్లు అంటారు. పెద్దకొడుకు 1853లో ఒహాయోలో పుట్టాడు, రెండోవాడు 1856లో అయోవాలో. సమాధి రాయి మీద "ఫలానా ఆయన భార్య, 1891, వయసు 58" అని మాత్రమే ఉంది. భర్త సివిల్ వార్‌కి (1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధానికి) వెళ్ళొచ్చి 1903 దాకా బతికాడు. ఇంట్లో ఒక పాత బైబిల్ ఉంది. ఆమె పుట్టింటి ఇంటిపేరు మాత్రం ఎవరికీ తెలియదు. మీ పిల్లలకి రెండు వైపులా వంశవృక్షం గీసి ఇద్దామనుకుని, ఈ కొమ్మ దగ్గర ఆగిపోయారు.

నేను ఇండియానాలో ఉంటాను. పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మొదట్లో మా పక్కింటి పెద్దావిడ కోసం సరదాగా మొదలుపెట్టాను, తర్వాత అలవాటైపోయింది. శనివారం వచ్చిందంటే ఫోర్ట్ వేన్‌లో అలెన్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీకి వెళ్తాను. వంశచరిత్రల సేకరణలో అమెరికా మొత్తం మీద పెద్దవాటిలో అదొకటి. మీలాంటి ప్రశ్న అక్కడ ప్రతి వారం వింటాను. పుట్టింటి పేరు తెలియకపోవడం ఆమె ఒక్కదాని సంగతి కాదు, ఆ కాలపు ఆడవాళ్ళు చాలామందిది అదే పరిస్థితి.

మన ఇళ్ళల్లోనే చూడండి. మా నాయనమ్మ తల్లి పేరు మాకు తెలుసు గానీ, ఆవిడ ఏ ఇంటి ఆడపడుచో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. అత్తింట్లో అడుగుపెట్టగానే ఇంటిపేరు మారింది, కాగితాల మీద "ఫలానా వారి భార్య" అయింది. అక్కడ కూడా ఇదే జరిగింది. అందుకని నేను ముందుగా చెప్పే మాట ఒకటే. ఆమె పేరుతో వెతికితే ఆమె దొరకదు. తండ్రి, అన్నదమ్ములు, భర్త, కొడుకులు, పక్క పొలం వాళ్ళు, వీళ్ళ కాగితాల్లో దొరుకుతుంది. మీరు ఇప్పటిదాకా ఆమెని వెతికారు. ఇకనుంచి ఆమె చుట్టూ ఉన్నవాళ్ళని వెతకండి.

మీ దగ్గర ఉన్నదాంతోనే మొదలుపెడదాం. మీ అత్తగారి తాతగారు ఆమె ఆఖరి కొడుకు, 1930ల దాకా అయోవాలోనే ఉన్నాడని రాశారు. ఇది మీ అదృష్టం. అయోవా రాష్ట్రం 1925లో సొంతంగా జనాభా లెక్కలు తీసింది. ఆ ఏడాది ఇంటికొచ్చిన వాళ్ళు ప్రతి మనిషినీ అడిగిన ప్రశ్నల్లో తండ్రి పేరు, తల్లి కన్నెపేరు, వాళ్ళ పెళ్ళి ఎక్కడ జరిగింది అనేవి కూడా ఉన్నాయి. 1872లో పుట్టిన ఆ కొడుకు 53 ఏళ్ళ వయసులో తన ఇంటి గుమ్మంలో నిలబడి, 34 ఏళ్ళ కింద పోయిన తల్లి పుట్టింటి పేరు చెప్పి ఉంటాడు. మిగతా మిడ్‌వెస్ట్ రాష్ట్రాల వాళ్ళు ఈ ఒక్క లెక్క కోసం అయోవా వాళ్ళని చూసి అసూయపడతారు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, ఒక అకౌంట్ తెరిస్తే చాలు.

తర్వాత ఆయన డెత్ సర్టిఫికెట్. ఆయనది ఒక్కటే తెప్పించి ఆగొద్దు, బతికి పెద్దవాళ్ళైన ఆమె పిల్లలందరివీ తెప్పించండి. ఇరవయ్యో శతాబ్దపు సర్టిఫికెట్లలో తల్లి కన్నెపేరుకి ఒక గడి ఉంటుంది. ఆ గడి చూడగానే సంతోషపడిపోకుండా, కింద సమాచారం ఇచ్చింది ఎవరో చూడండి. భార్య చెప్పి ఉంటే, ఆమె తన అత్తగారిని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. అల్లుడు చెప్పి ఉంటే ఇక నమ్మకం తక్కువే. చావింట్లో, దుఃఖంలో ఉన్నవాళ్ళని అడిగి రాసుకున్న కాగితం అది. ఒక కొడుకు సర్టిఫికెట్‌లో ఒక పేరు, కూతురి దాంట్లో ఇంకో పేరు ఉండటం నేను చాలాసార్లు చూశాను. ముగ్గురివి కలిస్తే ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు.

ముత్తవ్వది మాత్రం 1891 కాబట్టి ఆమె మరణ నమోదు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. అయోవాలో నమోదు 1880లో మొదలైంది గానీ, పల్లెల్లో చాలా చావులు పుస్తకంలోకి ఎక్కలేదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే కాగితం గురించి. భర్త సివిల్ వార్ సైనికుడు, 1903 దాకా బతికాడు అన్నారు. ఆమె ఆయనకన్నా ముందే పోయింది కాబట్టి వితంతు పింఛను ఫైలు ఉండదని మీరే రాశారు. నిజమే. కానీ ఆయనకే పింఛను వచ్చి ఉంటే, ఆయన సొంత ఫైలు మీకు కావాలి. 1898లో పింఛన్ల ఆఫీసు పింఛనుదారులకి ఒక ప్రశ్నాపత్రం పంపింది. పెళ్ళయిందా, భార్య పూర్తి పేరు, కన్నెపేరు ఏమిటి, పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేయించారు, దానికి ఏ రికార్డు ఉంది, అంతకు ముందు ఇంకో పెళ్ళయిందా, అయితే ఆ భార్య పేరు ఏమిటి, ఎప్పుడు ఎక్కడ పోయింది, బతికున్న పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు. ఇవన్నీ ఒకే కాగితం మీద అడిగారు. ముసలాయన వణికే చేతితో స్వయంగా నింపిన ఆ కాగితం ఫైలులో దొరికితే, మీరు వెతికేదంతా అక్కడే ఉంటుంది. ఫైళ్ళు వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ముందు ఆన్‌లైన్‌లో పింఛను ఇండెక్స్ కార్డు వెతికి, దాని మీది నంబర్లతో పూర్తి ఫైలు కాపీ ఆర్డర్ చేయండి. రుసుము కట్టాలి, వారాలు పట్టొచ్చు. పెట్టిన ప్రతి డాలరూ దండగ కాదని నేను ఏ ఫైలు గురించైనా చెప్పగలిగితే, దీని గురించే చెబుతాను.

విధవ ఫైలు ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. 1862 జులై చట్టం ప్రకారం చనిపోయిన మామూలు సిపాయి భార్యకి నెలకి 8 డాలర్లు ఇచ్చేవాళ్ళు. ఆ 8 డాలర్ల కోసం పెళ్ళి జరిగిందని, పిల్లలు తనవాళ్ళేనని ఆమె రుజువు చూపించాలి. పెళ్ళి కాగితం లేనివాళ్ళు బైబిల్‌లో ఉన్న కుటుంబ పేజీని చించి పంపించేవాళ్ళు. కాన్పు చేసిన మంత్రసాని, పెళ్ళి చూసిన అక్క, ఒహాయోలో పక్కింటివాళ్ళు ప్రమాణం చేసి వాంగ్మూలాలు ఇచ్చేవాళ్ళు. పేదరికం బయటపెట్టుకుంటూ ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన మాటలు ఆ కాలం నుంచి మిగిలినవి తక్కువ, వాటిలో చాలా భాగం ఈ ఫైళ్ళలోనే ఉన్నాయి. నేను చదివిన ఒకదాంట్లో ఒకావిడ సంతకం బదులు ఇంటూ గుర్తు పెట్టింది, దాని పక్కన సాక్షిగా ఆమె తమ్ముడి సంతకం ఉంది. ఆ తమ్ముడి ఇంటిపేరుతోనే ఆ కుటుంబం మూడు తరాలు వెనక్కి వెళ్ళగలిగింది.

బైబిల్ మీ దగ్గరుందంటున్నారు కాబట్టి, కుటుంబ పేజీ ఫోటోతో పాటు టైటిల్ పేజీ ఫోటో కూడా తీయండి. బైబిల్ 1872లో అచ్చయి, అందులో 1833 పుట్టినరోజులు ఉంటే, అవన్నీ తర్వాత జ్ఞాపకం మీద రాసినవే. సిరా రంగు, చేతిరాత చూడండి. పదిమంది పుట్టుకలూ ఒకే సిరాతో, ఒకే కలంతో, వరుస తప్పకుండా ఉంటే ఒకే రోజు కూర్చుని రాశారన్నమాట. ఒక్కో పుట్టుకకి ఒక్కో సిరా ఉంటే, ఎప్పటిదప్పుడు రాసినవి, నమ్మకం ఎక్కువ. సమాధి రాయి మీద ఇంగ్లిష్‌లో "కాన్సార్ట్" అని ఉంటే ఆమె పోయేనాటికి భర్త బతికున్నాడని, "రెలిక్ట్" అని ఉంటే విధవగా పోయిందని అర్థం.

ఇక జనాభా లెక్కల సంగతి. 1840 దాకా ఫెడరల్ లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవాళ్ళు, మిగతావాళ్ళంతా వయసు గడుల్లో అంకెలు. ఆమె 1833లో పుట్టింది కాబట్టి 1840లో "5 నుంచి 10 ఏళ్ళ లోపు ఆడపిల్ల" అనే గడిలో ఒక గీత మాత్రమే. 1850లో మొదటిసారి ఇంట్లో ఉన్న స్వేచ్ఛా పౌరులందరి పేర్లూ రాశారు. బానిసలుగా ఉన్నవాళ్ళకి అప్పుడు కూడా పేర్లు రాయలేదు. 1850లో ఆమెకి 17 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. కాబట్టి ఒహాయోలో ఏదో ఒక ఊళ్ళో, తండ్రి పేరు కింద ఆమె పేరు ఉండాలి. 1860, 1870ల్లో బంధుత్వం రాయలేదు. 1880లో బంధుత్వంతో పాటు తల్లిదండ్రులు పుట్టిన రాష్ట్రాలు కూడా రాశారు. మీ ముత్తవ్వ 1880 లైన్ తీసి, ఆమె తండ్రి ఎక్కడ పుట్టాడో, తల్లి ఎక్కడ పుట్టిందో చీటీ మీద రాసి గోడకి అతికించుకోండి. తర్వాత ఒహాయోలో దొరికే ప్రతి అమ్మాయినీ ఆ చీటీతో సరిచూడాలి. 1890 లెక్కల మీద ఆశ వదులుకోండి. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో కామర్స్ డిపార్ట్‌మెంట్ భవనంలో మంటలు అంటుకుని చాలా భాగం పాడైంది, మిగిలింది తర్వాత పారేశారు.

వీటి మధ్యలో అయోవా 1856 లెక్క ఉంది, అది తప్పకుండా చూడండి. ఎవరు అయోవాకి వచ్చి ఎన్నేళ్ళయిందో అందులో రాశారు. పెద్దకొడుకుకి మూడేళ్ళు, రాష్ట్రంలో ఉన్నది రెండేళ్ళు అని ఉంటే వాళ్ళు 1854లో వచ్చారన్నమాట. ఆ పేజీకి ముందూ వెనకా ఒక నాలుగేసి పేజీలు చదవండి. ఒహాయోలో పుట్టి, సరిగ్గా అన్నేళ్ళ కిందటే వచ్చినవాళ్ళ పేర్లన్నీ రాసుకోండి. బండి కట్టుకుని అంత దూరం ఒంటరిగా వచ్చినవాళ్ళు తక్కువ. అన్న వచ్చి స్థిరపడితే చెల్లెలు, ఆమె వెనక మరిది, అతని వెనక అదే చర్చి వాళ్ళు, ఇలా వచ్చారు. మన వాళ్ళు ఒకే ఊరు నుంచి డాలస్‌లో ఒకే కాలనీకి చేరినట్టే. పక్క పొలంలో ఉన్న వేరే ఇంటిపేరు కుర్రాడు ఆమె తమ్ముడై ఉండే అవకాశం చాలా ఎక్కువ.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు సరిగ్గా ఆ తప్పు ముందే నిలబడి ఉన్నారు. ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక వంశవృక్షంలో 1850 ఒహాయో లెక్కల నుంచి ఒక అమ్మాయిని చూపించారని, పేరూ వయసూ కలిశాయని రాశారు. మా పక్కింటావిడ కోసం నేనూ ఇలాగే చేశాను. పేరు కలిసింది, వయసు కలిసింది, రాష్ట్రం కలిసింది. ఎనిమిది నెలలు ఆ కుటుంబం వెనక పడి, ఇంకో రెండు తరాలు వెనక్కి వెళ్ళి, పెద్ద చార్టు వేయించి ఆవిడకి పుట్టినరోజు కానుకగా ఇచ్చాను. ఆవిడ హాల్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. తర్వాత ఆ అమ్మాయి తండ్రి ఆస్తి పంపకాల కాగితాలు చేతికొచ్చాయి. అందులో ఈ అమ్మాయి ఇంకెవరి భార్యగానో, ఒహాయోలోనే ఉన్నట్టు స్పష్టంగా ఉంది. నేను ఎక్కించిన తాతలంతా వేరేవాళ్ళ తాతలు. ఆవిడ ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్పడం నాకు చాలా కష్టమైంది. మళ్ళీ మొదటి నుంచి వెతికి అసలు కుటుంబాన్ని పట్టుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

అందుకే ఇప్పుడు ఒక పద్ధతి పాటిస్తాను. 1850 ఒహాయోలో అదే పేరు, ఒక రెండేళ్ళు అటూ ఇటూ వయసు ఉన్న అమ్మాయిలందర్నీ జాబితా వేస్తాను. పది మంది ఉంటే పది మందినీ ముందుకి నడిపిస్తాను. ఎవరికి ఎవరితో పెళ్ళయింది, 1860లో ఎక్కడ ఉంది, ఎక్కడ పోయింది. తొమ్మిది మంది వేరే ఇళ్ళకి కోడళ్ళుగా తేలితే, అప్పుడు పదో అమ్మాయి గురించి మాట్లాడతాను. జాబితా వేసేటప్పుడు ముద్దుపేర్లు మరిచిపోవద్దు. మన సుబ్బలక్ష్మి సుబ్బులైనట్టు అక్కడ మేరీ పోలీ అవుతుంది, సారా శాలీ అవుతుంది, మార్తా పాట్సీ అవుతుంది, మార్గరెట్ పెగ్గీ అవుతుంది.

రుజువు అని నేను ఒప్పుకునేది తండ్రి ప్రొబేట్ ఫైలుని. ఆయన పోయినప్పుడు కోర్టు వారసులందర్నీ లెక్కపెడుతుంది. "కూతురు ఫలానా, ఫలానా వాడి భార్య, నివాసం అయోవా" అనే ఒక్క వాక్యం దొరికితే ఆమె పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే గీత మీదకి వచ్చేస్తాయి. తండ్రి పొలాన్ని పిల్లలు పంచుకున్నప్పుడో అమ్ముకున్నప్పుడో రాసిన దస్తావేజుల్లో కూడా అల్లుళ్ళ పేర్లతో సహా ఇదే ఉంటుంది. ఆమె వాటాని అన్నకి రాసిచ్చిన కాగితం అయోవాలో సంతకమై, ఒహాయో కోర్టు హౌస్‌లో రిజిస్టరై ఉండొచ్చు.

ఇలాంటివి వెతకాలంటే ఒకప్పుడు ఆ ఊరు వెళ్ళి దుమ్ము పట్టిన పుస్తకాలు తిప్పాలి. 2024 నుంచి ఫ్యామిలీసెర్చ్‌లో ఫుల్ టెక్స్ట్ సెర్చ్ అని వచ్చింది. పాత చేతిరాత దస్తావేజుల్ని, వీలునామాల్ని కంప్యూటరే చదివి లోపలి ప్రతి పేరునీ వెతకనిస్తుంది. ఇదివరకు ఇండెక్స్‌లో అమ్మినవాడు, కొన్నవాడు మాత్రమే ఉండేవాళ్ళు. ఇప్పుడు వారసురాలు, సాక్షి, సరిహద్దు పొలం వాడు కూడా దొరుకుతున్నారు. ఆడవాళ్ళ వెతుకులాటకి ఇంతకంటే మేలు చేసింది నా పద్దెనిమిదేళ్ళలో లేదు. భర్త పేరు, అయోవాలో వాళ్ళున్న కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు ఇచ్చి, రాష్ట్రం ఒహాయో అని పెట్టి వెతకండి.

ఒహాయోలో ఏ కౌంటీ అని తేల్చడానికి ఒక చిన్న కిటుకు. అయోవాలో భర్త మొట్టమొదట పొలం కొన్న దస్తావేజు తీయండి. వచ్చిన కొత్తలోనో, రాకముందే వచ్చి చూసుకునో కొని ఉంటే, కొనుగోలుదారు నివాసం దగ్గర ఒహాయో కౌంటీ పేరు రాసి ఉండొచ్చు. పొలం అమ్మినప్పటి దస్తావేజులూ చూడండి. భార్యకి భర్త భూమిలో హక్కు ఉండేది కాబట్టి, ఆమె దాన్ని వదులుకుంటున్నట్టు ఆమె పేరూ సంతకమూ తీసుకునేవాళ్ళు. ఆ తరం ఆడవాళ్ళ సొంత పేరు కనిపించే కొద్ది కాగితాల్లో అదొకటి.

కౌంటీ తెలిశాక పెళ్ళిళ్ళ రిజిస్టర్ తేలిక. ఒహాయోలో పెళ్ళి రికార్డులు కౌంటీ స్థాయిలో ఉంటాయి. ఆ కాలపు వాటిలో తల్లిదండ్రుల పేర్లు ఉండటం అరుదు. అమ్మాయికి 18 నిండకపోతే మాత్రం తండ్రి సమ్మతి ప్రస్తావన ఉండొచ్చు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, పెళ్ళి రిజిస్టర్‌లో ఉన్న ఇంటిపేరు పుట్టింటిదే కానక్కర్లేదు. మారు మనువైతే అది మొదటి భర్త ఇంటిపేరు.

ఈ మాట ఎంత ముఖ్యమో ఒక నిజమైన కుటుంబంతో చూపిస్తాను. అందరికీ తెలిసిన పయనీర్ రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ తల్లి, కరోలిన్ క్వైనర్. ఆవిడ గురించి పరిశోధకులు చాలా తవ్వారు కాబట్టి మనకి మంచి పాఠం. కరోలిన్ 1839 డిసెంబర్ 12న విస్కాన్సిన్‌లో బ్రూక్‌ఫీల్డ్ దగ్గర పుట్టింది. 1845లో తండ్రి హెన్రీ మిషిగన్ సరస్సులో ఓడ మునిగి పోయాడు. తల్లి షార్లెట్ 1849లో ఫ్రెడరిక్ హోల్‌బ్రుక్‌ని మారు మనువాడింది. షార్లెట్ పుట్టింటి పేరు టక్కర్. కానీ 1849 పెళ్ళినాటికి ఆమె మిసెస్ క్వైనర్. ఆ ఒక్క పెళ్ళి కాగితమే దొరికినవాళ్ళు ఆమెని క్వైనర్ వాళ్ళ ఆడపడుచు అనుకుని, లేని తండ్రిని వెతుక్కుంటూ పోతారు. సవతి తండ్రి ఇంట్లో పెరిగిన పిల్లల పేర్లు జనాభా లెక్కల్లో ఆయన ఇంటిపేరుతో పడిపోవడం కూడా ఆ రోజుల్లో మామూలే.

కరోలిన్ 1860 ఫిబ్రవరి 1న చార్లెస్ ఇంగల్స్‌ని పెళ్ళాడింది. ఆమె అన్న హెన్రీ అప్పటికే చార్లెస్ చెల్లెలు పోలీని చేసుకున్నాడు. తర్వాత ఆమె చెల్లెలు ఎలైజా, చార్లెస్ అన్న పీటర్‌ని చేసుకుంది. మన భాషలో చెప్పాలంటే కుండమార్పిడి. రెండు ఇళ్ళ మధ్య మూడు పెళ్ళిళ్ళు. 1863లో విస్కాన్సిన్‌లోని పెపిన్ దగ్గర చార్లెస్, హెన్రీ క్వైనర్ కలిసి పొలం కొన్నారు. ఆ దస్తావేజులో చార్లెస్ పక్కనున్న క్వైనర్ ఎవరా అని ఒక్కసారి ఆగి అడిగినవాళ్ళకి, కరోలిన్ పుట్టిల్లు అక్కడే దొరికిపోతుంది. నేను పక్క పొలం వాళ్ళని చూడండి, కలిసి కొన్నవాళ్ళని చూడండి అని పదే పదే చెప్పేది ఇందుకే.

ఆ కుటుంబం 1869 నుంచి 1879 లోపల కాన్సస్, మళ్ళీ విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా, మళ్ళీ మిన్నెసోటా, చివరికి డకోటా తిరిగింది. 1870 లెక్కల్లో వాళ్ళు కాన్సస్‌లో మోంట్‌గొమరీ కౌంటీలో ఉన్నారు. అక్కడ భూమి విలువ గడి ఖాళీగా ఉంది. కారణం, అది ఒసేజ్ అనే అమెరికా ఆదివాసీ ప్రజల భూమి, వచ్చి కూర్చున్నవాళ్ళకి దాని మీద హక్కు లేదు. పయనీర్ అనే మాటని మనం గొప్పగా వాడుతుంటాం గానీ, ఆ ఖాళీ గడి వెనక వేరే కుటుంబాల కన్నీళ్ళున్నాయి. మీ అయోవా పొలం కూడా ఒకప్పుడు ఎవరిదో, ఏ ఒప్పందంతో చేతులు మారిందో మీ పిల్లల కోసం ఒక పేజీ రాసి పెట్టండి.

కరోలిన్ గురించి నన్ను బాగా కదిలించిన విషయం ఆమె కొడుకు. పేరు చార్లెస్ ఫ్రెడరిక్, ఇంట్లో ఫ్రెడ్డీ. 1875 నవంబర్ 1న పుట్టాడు, 1876 ఆగస్టు 27న పోయాడు. తొమ్మిది నెలలు నిండి నెల తిరగకుండానే. 1870కీ 1880కీ మధ్య పుట్టి పోయాడు కాబట్టి ఫెడరల్ లెక్కల్లో ఎక్కడా లేడు. 1875 మిన్నెసోటా రాష్ట్ర లెక్క అతను పుట్టకముందే అయిపోయింది. ఇలాంటి బిడ్డల జాడ మిగిలేది 1900 లెక్కల్లో. ఆ ఏడాది ప్రతి తల్లినీ రెండు ప్రశ్నలు అడిగారు, ఎంతమందిని కన్నావు, ఎంతమంది బతికున్నారు అని. కరోలిన్‌కి మేరీ, లారా, క్యారీ, ఫ్రెడ్డీ, గ్రేస్, మొత్తం ఐదుగురు. నలుగురు కూతుళ్ళే మిగిలారు. రెండంకెల మధ్య తేడాయే ఆ పిల్లవాడు. మీ ముత్తవ్వ 1891లోనే పోయింది కాబట్టి ఆమెకి ఈ లైన్ లేదు, కానీ ఆమె అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు దొరికితే వాళ్ళవి తప్పక చూడండి. మీ ముత్తవ్వ పిల్లల వయసుల మధ్య నాలుగైదేళ్ళ ఖాళీ ఎక్కడైనా ఉంటే, అక్కడ ఒక చిన్న సమాధి ఉందేమో శ్మశానం రికార్డుల్లో వెతకండి.

ఆ అబ్బాయి రెండో పేరు ఫ్రెడరిక్, కరోలిన్ సవతి తండ్రి పేరూ ఫ్రెడరిక్. ఆయన మీద గౌరవంతో పెట్టుకుందేమో అనిపిస్తుంది. అనిపించడం వరకే. మీ ముత్తవ్వ పిల్లల్లో ఎవరికైనా మధ్యపేరుగా ఒక ఇంటిపేరు లాంటిది ఉంటే అది ఆమె పుట్టింటిదయ్యే అవకాశం ఉంది, ముందు ఆ పేరుతో వెతకండి. రుజువుగా మాత్రం రాసుకోవద్దు.

హోమ్‌స్టెడ్ గురించి, అంటే సాగు చేసుకునేవాళ్ళకి ప్రభుత్వ భూమి ఇచ్చిన చట్టం గురించి కూడా అడిగారు. చట్టం మీద లింకన్ సంతకం పెట్టింది 1862 మే 20న, అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న. మీ వాళ్ళు 1854 ప్రాంతంలో వచ్చారు కాబట్టి ఆ పొలం హోమ్‌స్టెడ్ కింద వచ్చి ఉండదు, ప్రభుత్వం దగ్గరో ఇంకొకరి దగ్గరో కొన్నదై ఉంటుంది. పిల్లల్లో ఎవరైనా డకోటా, నెబ్రాస్కా వైపు వెళ్ళి ఉంటే అప్పుడు పనికొస్తుంది. 160 ఎకరాలు, ఐదేళ్ళు కాపురం ఉండి సాగు చేస్తే సొంతం. పెళ్ళికాని ఆడవాళ్ళు 21 నిండితే, విధవలైతే తమ పేరు మీదే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్ళై భర్తతో ఉన్నవాళ్ళకి ఆ హక్కు లేదు. పట్టా ఇచ్చేముందు ఇరుగుపొరుగు సాక్షులు వచ్చి ఇల్లు ఎంత, బావి ఉందా, ఎన్నెకరాలు దున్నారు, ఇంట్లో ఎంతమంది అని వాంగ్మూలం ఇచ్చేవాళ్ళు. పట్టా ప్రతి బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అసలు విషయమున్న ఫైలు మాత్రం నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది, పట్టా చూసి సరిపెట్టుకోవద్దు.

చర్చి రికార్డుల విషయంలో, వాళ్ళు ఏ శాఖ అన్నది ముందు తేల్చుకోండి. క్వేకర్లైతే మీ పని చాలా తేలికవుతుంది. ఒక సమాజం నుంచి ఇంకో సమాజానికి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళకి కూడా పేరుతో బదిలీ పత్రం రాసిచ్చేవాళ్ళు, దాంట్లో వచ్చిన చోటు కూడా ఉంటుంది. ఒహాయో నుంచి అయోవాకి వచ్చిన క్వేకర్లు చాలామంది ఉన్నారు. మెథడిస్టులైతే ఇంత వివరం ఉండదు.

డీఎన్ఏ పరీక్ష గురించి. మీ అత్తగారి చేత వెంటనే చేయించండి, మీ ఆయనకన్నా ఆవిడది ముఖ్యం. ముత్తవ్వ వాటా ఆవిడలో సగటున ఎనిమిదో వంతు, మీ ఆయనకి వచ్చేసరికి అందులో సగం. అయితే తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చినా, కూతుళ్ళ ద్వారా మాత్రమే తర్వాతి తరానికి సాగే మైటోకాండ్రియల్ డీఎన్ఏ పరీక్ష మీకు పనికిరాదు, ఎందుకంటే మీ అత్తగారు ఆమెకి కొడుకు వైపు సంతానం. ముత్తవ్వ కూతురి కూతురి కూతురు, ఇలా తెగకుండా ఆడవాళ్ళ వరుసలో ఎవరైనా దొరికితే వాళ్ళని అడగండి. మామూలు పరీక్షలో మ్యాచ్‌లు (డీఎన్ఏ కలిసిన బంధువుల పేర్లు) వచ్చాక, 1850 జాబితాలో మిగిలిన ఆ ఒక్క కుటుంబం వారసులు వాటిలో ఉన్నారా అని చూడండి.

ఈ వారం చేయాల్సింది మూడే పనులు. 1925 అయోవా లెక్కల్లో మీ అత్తగారి తాతగారి పేజీ, 1880లో ముత్తవ్వ లైన్, భర్త పింఛను ఇండెక్స్ కార్డు. మూడూ ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు. దొరికిన పేజీ మొత్తం ఫోటో పెట్టండి, ఆ ఒక్క లైన్ కత్తిరించి పెట్టొద్దు, పక్కింటివాళ్ళు కూడా నాకు కనపడాలి. బైబిల్ టైటిల్ పేజీ కూడా పెట్టండి. కౌంటీ పేరు రాయడం మర్చిపోయారు, అది రాస్తే ఒహాయో వైపు దస్తావేజులు వచ్చే శనివారం లైబ్రరీలో నేను కూడా చూస్తాను.